పికప్ బండికి బయోడీజిల్: శాతం కన్నా సరుకే ముఖ్యం

హైవే పక్కన రేకుల షెడ్డు, లోపల ఒక ట్యాంకు, బయట ఒక పంపు, పైన ‘బయోడీజిల్’ అని బోర్డు. నూనెల నుంచి తయారుచేసి డీజిల్‌కు బదులుగానో, డీజిల్‌లో కలిపో వాడే ఇంధనం అది. బంకు ధర కన్నా లీటరుకు పది రూపాయల దాకా తక్కువ. కిరాయిలకు తిరిగే బొలెరో పికప్‌కైనా, టాటా యోధకైనా, దోస్త్‌కైనా నెలనెలా అయ్యే ఖర్చుల్లో డీజిలే పెద్దది. ఈఎంఐ, టైర్లు, డ్రైవర్ జీతం అన్నీ చూసుకోవాల్సిన యజమాని ఆ బోర్డు దగ్గర ఆగాడంటే వింతేమీ లేదు. మెకానిక్‌ని అడిగితే మాత్రం అది పోయిస్తే ఇంజెక్టర్లు పోతాయి, మళ్లీ నా షెడ్డుకే వస్తావు అంటాడు. ఇంకోపక్క అమెరికాలో పెద్ద పికప్ కంపెనీలే 20 శాతం దాకా బయోడీజిల్ పోసుకోవచ్చని మాన్యువల్లో రాసి ఇస్తున్నాయి.

అమ్మేవాడి మాట పక్కన పెడితే మెకానిక్ చెప్పిందీ నిజమే, మాన్యువల్లో రాసిందీ నిజమే. చిక్కల్లా ఒకే పేరు మీద రకరకాల సరుకులు నడుస్తుండటం వల్ల వస్తోంది. బయోడీజిల్ మీద వాదనంతా ఎంత శాతం కలపాలన్న దాని చుట్టూ తిరుగుతుంది. బండి బాగుండటం, చెడిపోవడం మాత్రం ప్రధానంగా రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. కలిపిన సరుకు ప్రమాణం ప్రకారం తయారైందా అన్నది ఒకటి. అది వెళ్లే ఇంజన్ ఏ కాలం నాటిది అన్నది రెండోది. శాతం గొడవ వీటి తర్వాతే.

నూనె వేరు, బయోడీజిల్ వేరు

పామాయిల్ కానీ, కానుగ నూనె కానీ నేరుగా ట్యాంకులో పోస్తే అది బయోడీజిల్ అనిపించుకోదు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఓట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపిన మాట నిజం. డీజిల్ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ తానే 1912లో ఆ సంగతి చెప్పాడు. కానీ ఆనాటి మోటు ఇంజన్లకు సరిపోయింది ఈనాటి వాటికి సరిపోదు. ఇప్పటి కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఇంధనం అందే) ఇంజన్‌లో ఇంధనం 1,600 బార్‌కు అటూ ఇటూ ఒత్తిడితో, మిల్లీమీటరులో పదోవంతు ఉండే రంధ్రాల్లోంచి సన్నటి తుంపరగా పడాలి. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్‌ల మధ్య ఉంటే, పచ్చి నూనెలది 30 దాటుతుంది. అంత చిక్కటిది తుంపరగా విడిపోదు. సగం కాలి సగం కాలక, నాజిల్ మొనల మీదా పిస్టన్ రింగుల సందుల్లోనూ మసి, జిగురు పేరుకుంటాయి. మొదటి వారం బండి బాగానే నడుస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు.

నూనెను బయోడీజిల్‌గా మార్చాలంటే మిథనాల్, కాస్టిక్ సోడా లాంటి క్షారం చేర్చి సుమారు 60 డిగ్రీల వేడిలో కలియబెట్టాలి. వంద కిలోల నూనెకు పది, పదకొండు కిలోల మిథనాల్ పడుతుంది. దాదాపు వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది, పైన తేరినది బయోడీజిల్. దాని చిక్కదనం 4, 5 సెంటీస్టోక్‌లకు పడిపోతుంది కాబట్టి డీజిల్‌తో హాయిగా కలిసిపోతుంది.

ఇక్కడి దాకా పెరట్లో డ్రమ్ము పెట్టుకున్నవాడు కూడా చేయగలడు. డ్రమ్ముకీ ఫ్యాక్టరీకీ తేడా ఆ తర్వాతే వస్తుంది. మిగిలిన మిథనాల్ లాగేయాలి. సబ్బు, క్షారం పోయేలా కడగాలి. కడిగిన తడి ఆరాలి. సగం మారి సగం మారని నూనె అణువులు మిగలకుండా చూడాలి. ఖర్చంతా ఈ పనుల్లోనే ఉంది, కంటికి కనిపించనివీ ఇవే. బంగారు రంగులో తేటగా మెరిసే సరుకులో కూడా సబ్బు, మిథనాల్, గ్లిజరిన్ దాక్కుని ఉండొచ్చు.

అంకెల వెనక ప్రమాణాలు

నూటికి నూరు పాళ్లు బయోడీజిల్ అయితే బి100. డీజిల్‌లో 20 శాతం కలిపితే బి20. మన దేశంలో బి100 నాణ్యతకు ఐఎస్ 15607 ప్రమాణం ఉంది. బంకులో పోసే మామూలు డీజిల్‌కు వర్తించే ఐఎస్ 1460 ప్రకారం అందులో 7 శాతం దాకా బయోడీజిల్ ఉండొచ్చు. అంతకు మించి 20 శాతం దాకా కలిపే మిశ్రమాలకు ఐఎస్ 16531 అని వేరే ప్రమాణం ఉంది. యూరప్‌లో మామూలు డీజిల్‌కు హద్దు 7 శాతం, అమెరికాలో 5 శాతం. ఈ హద్దుల్లోపల ఉన్న ఇంధనం గురించి పికప్ యజమాని టెన్షన్ పడాల్సిన పని లేదు. ప్రమాణానికి తగిన 5 శాతం బయోడీజిల్‌ను ఇప్పటి ఇంజన్లు గుర్తించను కూడా గుర్తించవు.

2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టింది. పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది కానీ, డీజిల్‌లో బయోడీజిల్ ఒక్క శాతం మార్కు కూడా దాటలేదు. అంటే పేరున్న బంకులో డీజిల్ పోయించుకునే బండిలో బయోడీజిల్ దాదాపు లేనట్టే. మనవాళ్ల అనుభవంలో బయోడీజిల్ అంటే రేకుల షెడ్డు సరుకే కావడానికి కారణం ఇది. దానికి చెడ్డపేరు రావడానికి కారణం కూడా ఇదే.

మిన్నెసోటా చలికాలం

శాతం కన్నా సరుకే ముఖ్యమనడానికి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం అనుభవాన్ని మించిన ఉదాహరణ దొరకదు. 2005 సెప్టెంబర్‌లో ఆ రాష్ట్రం అమ్మే డీజిల్ అంతటిలోనూ 2 శాతం బయోడీజిల్ ఉండి తీరాలని చట్టం అమల్లోకి తెచ్చింది. అమెరికాలో అలా చేసిన తొలి రాష్ట్రం అదే. 2 శాతం అంటే లెక్కలోకే రాని మోతాదు. అయినా చలి మొదలవగానే లారీల ఫిల్టర్లు మూసుకుపోయి బండ్లు రోడ్ల మీద ఆగిపోయాయి. లారీ యజమానులు గగ్గోలు పెడితే ప్రభుత్వం కొంతకాలం ఆ నిబంధన పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆరా తీస్తే, కొంత సరుకు ప్రమాణానికి తగ్గట్టు లేదని, అందులో గ్లిజరిన్ సంబంధిత మలినాలు ఎక్కువున్నాయని బయటపడింది.

తర్వాత వాళ్లు చేసిన పని గమనించదగ్గది. చెడ్డ సరుకును పట్టుకునే పరీక్షలు పెంచారు. బయోడీజిల్‌ను చల్లబరిచి, మళ్లీ మామూలు వేడికి తెచ్చి, ఫిల్టర్ గుండా ఎంతసేపట్లో దిగుతుందో చూసే పరీక్షను 2008లో అమెరికా ప్రమాణంలోనే చేర్చారు. ఆ తర్వాత అదే రాష్ట్రం 2009లో 5 శాతానికి, 2014లో 10 శాతానికి, 2018లో 20 శాతానికి వెళ్లింది. 10, 20 శాతాలు ఎండాకాలం నెలలకే పరిమితం, చలికాలంలో మళ్లీ 5 శాతమే. 2 శాతంతో చలికి బండ్లు ఆగిన చోటే తర్వాత చలికాలంలో 5 శాతంతో, ఎండాకాలంలో 20 శాతంతో బండ్లు నడిచాయంటే, సరుకు మీద చూపు పెట్టడమే అందుకు ముఖ్య కారణం.

అక్కడి పికప్ కంపెనీలు కూడా దాదాపు ఆ దారిలోనే వచ్చాయి. ఫోర్డ్ తన 6.7 లీటర్ల పవర్‌స్ట్రోక్ ఇంజన్ పికప్‌లకు, జనరల్ మోటార్స్ తన డ్యూరామాక్స్ ఇంజన్ పికప్‌లకు 2011 మోడళ్ల నుంచి బి20కి ఒప్పుకున్నాయి. అంతకు ముందు 5 శాతంతో సరిపెట్టేవి. ఒప్పుకున్నా దానికి షరతులున్నాయి. ఇంధనం ప్రమాణానికి తగ్గదై ఉండాలి, ఫిల్టర్ మార్పుల విషయంలో మాన్యువల్ చెప్పింది తు.చ. తప్పకుండా పాటించాలి, చాలాకాలం కదలకుండా ఉండే బండిలో ఆ ఇంధనం నిల్వ ఉంచకూడదు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పికప్ నడిపే తెలుగువాళ్లు పంపు మీదున్న స్టిక్కర్‌లో శాతం చదివి పోయించుకోగలుగుతున్నారంటే దాని వెనక ఇంత కథ ఉంది. 5 శాతం దాటిన మిశ్రమం అమ్మే పంపు మీద ఆ సంగతి తెలిపే లేబుల్ ఉండి తీరాలన్నది అక్కడి కేంద్ర నిబంధన.

బండి లోపల ఏం జరుగుతుంది

పాత డీజిల్ బండి ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఉంటుంది. డీజిల్ దాన్ని కదపదు. బయోడీజిల్‌కు మాత్రం కరిగించే గుణం ఎక్కువ. 20 శాతం, అంతకు మించి పోసినప్పుడు ఆ మడ్డి, పైపుల లోపలి జిడ్డు, తుప్పు ముక్కలు ఊడి ఫిల్టర్ దాకా ప్రయాణం కడతాయి. మొదటి రెండు మూడు ట్యాంకులు అయ్యేసరికి ఎత్తు మీద బండి లాగదు, లోడు మీద మిస్సింగ్ కొడుతుంది. ఫిల్టర్ విప్పితే లోపలి కాగితం మడతల మీద నల్లటి జిగురు పొర, అడుగున గోధుమరంగు మురికి కనిపిస్తాయి. మెకానిక్ దాన్ని చూపించి చూశావా బయోడీజిల్ పని అంటాడు. నిజానికి ఆ మురికిలో చాలా భాగం పదేళ్లుగా ట్యాంకులోనే ఉన్నది. అందుకే బి20 మొదలుపెట్టేవాళ్లు ముందు ట్యాంకు దించి కడిగించాలి, లేదంటే తొలి నెలలో ఒక ఫిల్టర్ అదనంగా మార్చడానికి సిద్ధపడాలి. ఫిల్టర్ మార్చాక చేతి పంపు కొట్టి లైన్‌లో గాలి పూర్తిగా తీయకపోతే బండి స్టార్ట్ కాదు, ఆ తప్పు కూడా బయోడీజిల్ మీదికే పోతుంది.

ఒకసారి మడ్డి పోయాక కూడా ఫిల్టర్ పదేపదే మూసుకుపోతుంటే అప్పుడు సరుకును అనుమానించాలి. అది పాత మురికి కాదు, ఇంధనంలోంచే కొత్తగా పుడుతున్నది.

పైపుల సంగతి బండి వయసును బట్టి ఉంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు బయోడీజిల్ తగిలి ఉబ్బుతాయి, మెత్తబడి చెమరుస్తాయి. రాగి, ఇత్తడి, జింకు తగిలినప్పుడు ఇంధనమే త్వరగా పాడవుతుంది. కొత్త బండ్లలో ఫ్లోరిన్ రకం రబ్బరు వాడుతున్నారు కాబట్టి ఈ బెడద తక్కువ. ఎక్కువ శాతాల్లోనే ఇది బాగా బయటపడుతుంది, బి20 దాకా నెమ్మదిగా సాగే వ్యవహారం. పాత బండిలో రిటర్న్ లైన్ జాయింట్ల దగ్గర తడి కనిపిస్తే పట్టించుకోకుండా వదిలేయకూడదు.

నీటి విషయం మన ప్రాంతంలో మరీ ముఖ్యం. బయోడీజిల్ గాలిలోని తేమను డీజిల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది. కోస్తాలో ఉక్కపోత నెలల్లో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలకు తేమ పట్టి కిందికి దిగుతుంది. ఇంధనానికీ అడుగున చేరిన నీటికీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి బంక లాంటి పదార్థం తయారవుతుంది. ఫిల్టర్ కింద ఉండే నీటి మర తిప్పి వారానికోసారి కాస్త ఇంధనం గాజు సీసాలోకి వదిలి చూస్తే తెలిసిపోతుంది. నీరు అడుగున వేరే పొరగా నిలబడుతుంది. పది నిమిషాల పని ఇది. ఇంజెక్టర్ల సెట్టు మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు తెలిసినవాళ్లు దీన్ని బద్ధకించరు.

బయోడీజిల్ నిల్వ ఉంటే గాలిలోని ఆక్సిజన్ తగిలి పాడవుతుంది, ఆమ్లాలు, జిగురు పుడతాయి. అది ఎంతకాలం తట్టుకుంటుందో కొలిచే పరీక్షలో 110 డిగ్రీల వేడి దగ్గర కనీసం 8 గంటలు నిలవాలని యూరప్ ప్రమాణం పట్టుబడుతుంది. అమెరికా ప్రమాణం 3 గంటలతో సరిపెడుతుంది. మన ఎండల్లో రేకుల కింద నెలల తరబడి మగ్గిన ట్యాంకులోని సరుకు తయారైన రోజు ఎంత మంచిదైనా పోయించుకునే రోజుకు అలా ఉండదు. సీజన్లో మాత్రమే తిరిగి మిగతా రోజులు పందిట్లో ఉండే పికప్‌కు బి20 సరిపడదు.

చలి గురించి మనకు పెద్దగా పట్టదనుకుంటాం. కానీ బయోడీజిల్ ఏ నూనెతో చేశారన్నదాన్ని బట్టి అది గడ్డకట్టే వేడి మారిపోతుంది. సోయా నూనెతో చేసింది సున్నా డిగ్రీల దగ్గర మబ్బుపడితే (అంటే పేరుకోవడం మొదలై మసకబారితే), పామాయిల్‌తో చేసిన బి100 పదమూడు, పదహారు డిగ్రీల మధ్యనే మబ్బుపట్టడం మొదలుపెడుతుంది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టే ఇది కూడా. మన దగ్గర హోటళ్లలో మరిగేది ఎక్కువగా పామాయిలే, దానితో చేసిన బయోడీజిల్ గుణమూ అదే. డిసెంబర్, జనవరిల్లో లంబసింగి, అరకు, పాడేరు వైపు కాయగూరలకు తెల్లవారుజామున ఎక్కే పికప్‌లో ఈ సరుకు ఎక్కువ పాళ్లలో ఉంటే, కింద అనకాపల్లిలో బాగా నడిచిన బండి కొండ మీద రాత్రి ఆగాక పొద్దున స్టార్ట్ కాకపోవచ్చు. 20 శాతానికి తగ్గితే మిశ్రమం మబ్బుపట్టే వేడి బాగా కిందికి దిగుతుంది కానీ, చలి రాత్రులకు మామూలు డీజిల్ నింపుకుని ఎక్కడమే మేలు.

బీఎస్6 బండి లెక్క వేరు

బీఎస్6 (భారత్ స్టేజ్ 6) పొగ నిబంధనల కింద 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన డీజిల్ పికప్‌లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది నిండినప్పుడు లోపల మసిని కాల్చి శుభ్రం చేసుకోవాలి. అందుకు చాలా ఇంజన్లు ఒక చిన్న ఉపాయం చేస్తాయి. సిలిండర్లో కాలడం అయిపోయాక మరికొంచెం డీజిల్ చిమ్మి, అది ఆవిరై పొగగొట్టంలోకి వెళ్లి అక్కడ వేడి పుట్టించేలా చూస్తాయి. బయోడీజిల్ మరిగే వేడి ఎక్కువ, 320 నుంచి 350 డిగ్రీల దాకా. ఆలస్యంగా చిమ్మిన దానిలో కొంత ఆవిరి కాకుండా సిలిండర్ గోడలకు అంటుకుని, రింగుల సందుల్లోంచి ఇంజన్ ఆయిల్‌లోకి దిగిపోతుంది. అలా దిగిన డీజిల్‌లో కొంత ఆయిల్ వేడికి మళ్లీ ఆవిరైపోతుంది. బయోడీజిల్ మాత్రం అక్కడే ఉండి ఆయిల్‌ను పలచన చేస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగినట్టు కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూసి ఆయిల్ బాగుందని సంతోషిస్తారు. పలచబడ్డ ఆయిల్‌తో లోడు మీద తిరిగితే బేరింగులు, టర్బో అరుగుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. సరిగ్గా కడగని బయోడీజిల్‌లో సోడియం, పొటాషియం మిగిలిపోతాయి. కిలోకు రెండూ కలిపి 5 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా, యూరప్ ప్రమాణాలు రెండూ చెబుతున్నాయి. అవి కాలిపోయేవి కావు. బూడిదగా డీపీఎఫ్‌లో చేరతాయి, పొగలోని విషవాయువులను శుద్ధి చేసే ఉత్ప్రేరకాన్ని దెబ్బతీస్తాయి. మసిని కాల్చి వదిలించుకోవచ్చు, బూడిదను అలా వదిలించుకోలేం. కాబట్టి కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప బీఎస్6 పికప్‌లో బంకు డీజిల్‌కు మించి బయోడీజిల్ చేర్చకపోవడమే సరైన పని. పాత బీఎస్3 బండికి, మెకానికల్ పంపు ఉన్న బండికి ఉన్నంత ఓర్పు దీనికి లేదు.

మరి మంచి ఏమీ లేదా?

ఉంది, కొంచెం కాదు. డీజిల్‌లోంచి గంధకం తీసేసిన కొద్దీ దానికి సహజంగా ఉండే జారుడు గుణం తగ్గింది. పంపు, ఇంజెక్టర్ భాగాలకు ఆ జారుడే రక్ష. 1, 2 శాతం మంచి బయోడీజిల్ కలిపితే చాలు ఆ గుణం తిరిగి వస్తుంది. బయోడీజిల్ బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కాలడం శుభ్రంగా జరుగుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో అప్పటికున్న పరీక్షల ఫలితాలన్నీ గుదిగుచ్చి చూస్తే, బి20 వాడిన పెద్ద ఇంజన్లలో మసి సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నత్రజని ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. ఆ ఇంజన్లు డీపీఎఫ్ లేని పాతకాలపువి. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. బయోడీజిల్ వల్ల పొగ తగ్గే మేలు ఎక్కువగా దక్కేది పాత బండ్లకే, దాన్ని కాస్త ఓర్చుకునేవీ పాత బండ్లే. ఊళ్లలో, మార్కెట్ యార్డుల్లో నల్లపొగ వదులుతూ తిరిగే పాత పికప్‌లకు ప్రమాణానికి తగిన బి10, బి20 దొరికితే అక్కడ పనిచేసే హమాలీల ఊపిరితిత్తులకే మొదటి లాభం.

జేబు లెక్క

లాభం ఉందో లేదో కాగితం మీద వేసి చూడాల్సిందే. డీజిల్ లీటరు 95 రూపాయలు, బయోడీజిల్ 85 అనుకుందాం. బి20 మిశ్రమం ధర 93 రూపాయలు అవుతుంది. లీటరుకు రెండు రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ బయోడీజిల్ లీటరులో డీజిల్ కన్నా సుమారు 8 శాతం శక్తి తక్కువ. బి20లో అది 1.6 శాతం లోటు. 250 లీటర్ల డీజిల్‌తో తిరిగే దూరానికి బి20 అయితే 254 లీటర్లు పడుతుంది. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే పికప్ నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగితే డీజిల్ ఖర్చు 23,750 రూపాయలు, బి20 ఖర్చు దాదాపు 23,620. నెలకు మిగిలేది నూట ముప్పై రూపాయలు. ఒక్క ఫిల్టర్ అదనంగా మార్చినా ఆ మిగులు పోతుంది.

బి100 పోసినా, అది మంచి సరుకే అనుకున్నా, నెలకు ఆరు, ఏడు వందలు మించి మిగలదు. ఆ మాత్రం కోసం ఇంజెక్టర్లు, పంపు, కంపెనీ వారంటీ పణంగా పెట్టడం తెలివైన బేరం కాదు. పది రూపాయల తగ్గింపుకే ఇలా ఉంటే, ఇరవై ముప్పై తగ్గింపు చెప్పేవాడి దగ్గర లాభం బాగుంటుంది కదా అనిపించవచ్చు. అక్కడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బయోడీజిల్ తయారీ ఖర్చులో ముప్పావు వంతు దాకా ముడినూనెదే. వంటనూనె ధరలు తెలిసిన ఎవరికైనా, డీజిల్ కన్నా బాగా తక్కువకు నిఖార్సయిన బయోడీజిల్ ఎక్కడినుంచి వస్తుందన్న అనుమానం రావాలి. పరిశ్రమల్లో వాడే చవక నూనెలు, ద్రావకాలు, కాల్చడానికి పనికొచ్చే మరేదో కలిపి బయోడీజిల్ పేరుతో అమ్మిన కేసులు దేశంలో చాలా చోట్ల బయటపడ్డాయి. అవి నూనెతో చేసినవే కావు. వాటిలో ఏం పాళ్లలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

ముడిసరుకు ఎక్కడిది

అడవి ఆముదం మొక్కలు నాటితే డీజిల్ పండుతుందని ఇరవై ఏళ్ల కిందట ఊరూరా ప్రచారం జరిగింది. 2009 విధానం 2017 నాటికి 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. బంజరు భూముల్లో మొక్క బతికింది కానీ గింజ ఆశించినంత కాయలేదు, ప్రభుత్వం ప్రకటించిన కొనుగోలు ధర తయారీ ఖర్చుకే చాలలేదు. మొక్కలు నాటిన రైతులు నష్టపోయి వాటిని పీకేశారు. కానుగ సంగతి కాస్త నయం. ఆదిలాబాద్ ప్రాంతంలోని పవర్‌గూడ గిరిజన మహిళలు కానుగ చెట్లు పెంచి, 2003లో 147 టన్నుల కర్బన ఉద్గారాల తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. డబ్బు చిన్నదే. కానీ నీడ, ఎరువు, దీపపు నూనె, ఇంజన్ నూనె అన్నీ ఇచ్చే చెట్టును ఊరివాళ్లే చూసుకోవచ్చని అది చూపింది. దేశమంతటి డీజిల్‌కు అది చాలదన్నది కూడా అంతే నిజం.

ఇప్పుడు ఆశంతా వాడేసిన వంటనూనె మీద. మరిగించిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ మరిగేకొద్దీ పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి నిబంధన పెట్టి, అలాంటి నూనెను బయోడీజిల్‌కు మళ్లించే పథకం తెచ్చింది. 2019 ఆగస్టులో చమురు కంపెనీలు 100 నగరాల్లో ఆ బయోడీజిల్ కొంటామని ముందుకొచ్చాయి. ఇది నిజంగా మంచి ఆలోచన. మిర్చిబజ్జీల మూకుడులో నల్లబడ్డ నూనె మళ్లీ ఇంకో బండివాడి మూకుడులోకి చేరకుండా ఇంజన్‌లోకి చేరడం ప్రజారోగ్యానికే లాభం. కాకపోతే అలాంటి నూనెలో ఆమ్లాలు ఎక్కువ. నేరుగా కాస్టిక్ కలిపితే సగం సబ్బే అవుతుంది. ముందు ఆమ్లంతో శుద్ధి చేయగల ప్లాంటు కావాలి. కాకినాడలాంటి చోట్ల పెద్ద ప్లాంట్లు ఉన్నాయి, రావాల్సింది వాటిదాకా నూనె చేరే దారి. టిఫిన్ సెంటర్ యజమానికి వాడేసిన నూనె కొనుక్కుపోయే చిల్లర వ్యాపారి ఎక్కువ ధర ఇస్తున్నంత కాలం అది మళ్లీ వంటలోకే పోతుంది.

కొనేముందు, పోసేముందు

డీజిల్‌లో కలపడం కోసం బయోడీజిల్ అమ్మకానికి కేంద్రం 2019 ఏప్రిల్ 30న మార్గదర్శకాలు ఇచ్చింది. అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, సరుకు ఐఎస్ 15607కు తగ్గట్టు ఉండాలి. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. ఈ ట్యాంకర్ సరుకు ఏ ప్లాంటుది, ఆ బ్యాచ్ టెస్ట్ రిపోర్టు ఏది, బిల్లు మీద బయోడీజిల్ అని రాసి ఇస్తారా అని అడగాలి. ఈ మూడిట్లో దేనికి నీళ్లు నమిలినా అక్కడి నుంచి బండి కదిలించడం మంచిది.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. మూతున్న గాజు సీసాలో సగం బయోడీజిల్, సగం మామూలు నీళ్లు పోసి ఓ నిమిషం గట్టిగా కుదిపి పక్కన పెట్టాలి. బాగా తయారైన సరుకైతే అరగంటలో రెండు పొరలుగా విడిపోతుంది, కింది నీళ్లు తేటగా ఉంటాయి. మధ్యలో తెల్లటి నురగ పొర నిలిచిపోయినా, నీళ్లు చిక్కటి తెలుపుగా మారినా లోపల సబ్బో సగం మారిన నూనో ఉన్నట్టు. ఈ పరీక్షలో తప్పిన సరుకు కచ్చితంగా చెడ్డదే. నెగ్గిన సరుకు పూర్తిగా మంచిదని మాత్రం చెప్పలేం, ఎందుకంటే ద్రావకాలు కలిపిన సరుకు కూడా చక్కగా విడిపోతుంది. మిథనాల్‌తో చేసే మరో పరీక్ష ఉంది కానీ, అది ఒంటికి తగిలినా పీల్చినా ప్రమాదమే కాబట్టి ఇంటి దగ్గర జోలికి పోకూడదు.

పాత ఇంజన్ బండిలో, రిపోర్టు ఉన్న సరుకుతో బి20 వాడదలచినవాళ్లు మెల్లగా పోవాలి. మొదట 5 శాతంతో రెండు ట్యాంకులు, ఆ తర్వాత 10, ఆ తర్వాతే 20. బయోడీజిల్ డీజిల్ కన్నా బరువు కాబట్టి ట్యాంకులో ముందు డీజిల్ ఉండి, పైన బయోడీజిల్ పడితే బాగా కలుస్తుంది. అడుగున పోస్తే అది అక్కడే ఉండి, మొదటి కిలోమీటర్లలో ఇంజన్ తాగేది 20 శాతం బదులు 60 శాతం కావచ్చు. అదనపు ఫిల్టర్ ఒకటి డ్యాష్‌బోర్డు అరలో ఉండాలి. నీటి మర వారానికోసారి తిప్పాలి. ఆయిల్ మట్టం పెరుగుతోందా అని పది రోజులకోసారి డిప్‌స్టిక్ చూడాలి, పెరిగితే సర్వీసు తేదీ కోసం ఆగకుండా ఆయిల్ మార్చాలి. బండి పది రోజులకు మించి ఆగుతుందనుకుంటే చివరి ట్యాంకు మామూలు డీజిల్‌తో నింపాలి.

2030 నాటికి 5 శాతం అన్న లక్ష్యం నిజంగా అందుకుంటే, ఆ బయోడీజిల్ పికప్ ట్యాంకులోకి వచ్చే దారి చమురు కంపెనీల డిపోలే, హైవే షెడ్లు కావు. డిపోలో కలిపే ముందు పరీక్ష జరుగుతుంది, తేడా వస్తే ట్యాంకర్ వెనక్కి పోతుంది. షెడ్డులో కొన్న సరుకు పరీక్షయ్యేది కిరాయి బండి ఇంజన్‌లోనే. పౌరసరఫరాల, తూనికల కొలతల అధికారులు అప్పుడప్పుడు దాడులు చేసి షెడ్లకు సీలు వేయడంతో సరిపెట్టకుండా, పట్టుకున్న ప్రతి శాంపిల్‌లో ఏమున్నదో జిల్లాలవారీగా పేర్లతో సహా ప్రకటిస్తే, మెకానిక్‌కూ యజమానికీ మధ్య ఇన్నాళ్లుగా నడుస్తున్న వాదనకు లెక్కలతో జవాబు దొరుకుతుంది.